యూరిన్ ఇన్ఫెక్షన్ పదేపదే తిరగబెడుతోందా? ఇంట్లో స్ట్రిప్ టెస్ట్ తప్పుల్లేకుండా చేసుకునే పద్ధతి

మందులు వాడుతున్నంత కాలం బాగానే ఉంటుంది. కోర్సు అయిపోయిన పది రోజులకి మళ్లీ మంట మొదలవుతుంది. పొద్దున స్ట్రిప్ (మూత్రంలో ముంచితే రంగు మారే గడులున్న సన్నటి పట్టీ) ముంచితే గడి గులాబీ రంగుకి తిరుగుతుంది, మధ్యాహ్నం ఇంకోటి ముంచితే తెల్లగానే ఉంటుంది. రెండింట్లో దేన్ని నమ్మాలి?

చాలాసార్లు రెండు స్ట్రిప్‌లూ తమకు కనబడిందే చెబుతాయి. పొద్దుటి మూత్రం రాత్రంతా మూత్రాశయంలో నిలవ ఉంది. మధ్యాహ్నంది గంట కూడా నిలవ లేదు. తేడా అక్కడే వచ్చింది. స్ట్రిప్ ముంచడం ఈ మొత్తంలో అన్నిటికన్నా తేలిక పని. మూత్రం ఎంతసేపు ఆగింది, ఎలా పట్టారు, గడియారం చూశారా లేదా అన్నవాటి మీదే ఫలితం ఆధారపడుతుంది.

ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. స్ట్రిప్ చూసి సొంతంగా యాంటీబయాటిక్ మొదలుపెట్టకూడదు. ల్యాబ్‌కి కల్చర్ (మూత్రంలోని బాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) పంపాలా, ఎంత తొందరగా పంపాలి అన్నది తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. తిరగబెట్టే ఇన్ఫెక్షన్‌లో ఏ మందు పనిచేస్తుందో చెప్పేది కల్చర్ రిపోర్టే.

1. స్ట్రిప్ పక్కన పెట్టాల్సిన సందర్భాలు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో టెస్ట్ చేస్తూ కూర్చోకండి, ఆ రోజే డాక్టర్‌ని చూడండి:

- 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి జ్వరం, చలి, వణుకు
- నడుముకి పైన, పక్కటెముకల కింద ఒకవైపు నొప్పి
- వాంతులు, మందు కూడా కడుపులో నిలవకపోవడం
- మూత్రంలో రక్తం కంటికి కనిపించడం
- గర్భం
- మగవాళ్లు, పిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు, ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో ఇన్ఫెక్షన్ లక్షణాలు

మాట తడబడడం, అయోమయం, మూత్రం బాగా తగ్గిపోవడం, ఊపిరి వేగం పెరగడం ఉంటే అది ఎమర్జెన్సీ. నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి.

ఏ లక్షణమూ లేనప్పుడు కూడా స్ట్రిప్ ముంచకండి. వారానికోసారి 'చెక్ చేసుకునే' అలవాటు మంచిదనిపిస్తుంది కానీ దానివల్ల నష్టమే ఎక్కువ. మంట, నొప్పి ఏమీ లేకుండా మూత్రంలో బాక్టీరియా ఉండడం చాలామందిలో మామూలే. గర్భిణులకీ, మూత్రమార్గంలో కొన్ని రకాల ఆపరేషన్లకి ముందూ తప్ప దానికి సాధారణంగా వైద్యం అక్కర్లేదు. అక్కర్లేని యాంటీబయాటిక్ వాడితే తర్వాత నిజంగా అవసరం పడ్డ రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు.

65 ఏళ్లు దాటినవాళ్లలో, కాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) ఉన్నవాళ్లలో స్ట్రిప్ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. వాళ్లలో బాక్టీరియా, చీము కణాలు ఎలాగూ కనిపిస్తుంటాయి. లక్షణాలు చూసి డాక్టరే నిర్ణయించాలి.

2. చూడాల్సిన గడులు ఏవి

పది గడుల స్ట్రిప్ కొన్నా ఇన్ఫెక్షన్ విషయంలో ముఖ్యమైనవి రెండే.

ల్యూకోసైట్స్ గడి: చీము కణాల నుంచి వచ్చే ఒక ఎంజైమ్‌ని పట్టుకుంటుంది. ల్యాబ్ రిపోర్టులో 'పస్ సెల్స్' అని రాసేది వీటి గురించే. ఇది వాపుని చూపిస్తుంది, బాక్టీరియాని కాదు.

నైట్రైట్ గడి: మూత్రంలో సహజంగా ఉండే నైట్రేట్‌ని కొన్ని బాక్టీరియాలు నైట్రైట్‌గా మారుస్తాయి. ఈ-కోలై, క్లెబ్సియెల్లా, ప్రోటియస్ ఈ పని చేస్తాయి. కానీ మార్చడానికి వాటికి సుమారు 4 గంటలు కావాలి. ఎంటరోకాకస్, స్టెఫైలోకాకస్ సాప్రోఫైటికస్ అసలు మార్చవు. అంటే ఎంటరోకాకస్‌తో బాధపడుతున్న మనిషి నూరు స్ట్రిప్‌లు ముంచినా నైట్రైట్ గడి తెల్లగానే ఉంటుంది. పాత కల్చర్ రిపోర్టు మీ దగ్గర ఉంటే అందులో ఏ బాక్టీరియా పేరు ఉందో ఇప్పుడే చూడండి. ఈ గడిని ఎంతవరకు నమ్మొచ్చో దాన్నిబట్టి కొంత తెలుస్తుంది.

మిగతావాటిలో రక్తం, స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పేది), పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అని చెప్పేది) గడులు కొంత ఉపయోగపడతాయి. వాటి సంగతి ఫలితాల దగ్గర చూద్దాం.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

- గడువు తీరని స్ట్రిప్‌ల సీసా, దాని సొంత రంగుల చార్టు
- మూత ఉన్న రెండు స్టెరైల్ యూరిన్ డబ్బాలు
- సెకన్లు చూపించే గడియారం లేదా ఫోన్‌లో స్టాప్‌వాచ్
- టిష్యూ పేపర్, శుభ్రమైన నీళ్లు
- పెన్ను, నోట్‌బుక్

సీసా తెరిచి ఒక్క స్ట్రిప్‌ని చార్టు పక్కన పెట్టి చూడండి. వాడకముందే నైట్రైట్ గడి లేత గులాబీగా కనిపించినా, ఏ గడి అయినా చార్టులోని 'నెగటివ్' రంగుతో కలవకపోయినా ఆ సీసాలోకి తేమ చేరింది. పారేయండి. గాలి తగిలిన స్ట్రిప్ ఇన్ఫెక్షన్ లేకుండానే పాజిటివ్ చూపిస్తుంది.

స్ట్రిప్‌లు బాత్రూమ్‌లో పెట్టకూడదు, ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు. మూతలో ఉండే తేమ పీల్చే పొట్లం తీసేయకూడదు. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాయండి. తెరిచాక ఎన్నాళ్లు పనికొస్తాయన్నది కంపెనీని బట్టి మారుతుంది, లేబుల్ చూడండి. పొదుపు కోసం స్ట్రిప్‌ని నిలువుగా రెండుగా కోసేవాళ్లున్నారు. అలా కోస్తే గడుల అంచులు చెదిరి రంగు సమంగా రాదు.

4. ముందు రోజు నుంచి చేసుకోవాల్సిన సిద్ధం

పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రమే ఈ టెస్ట్‌కి మంచిది. అది చిక్కగా ఉంటుంది, గంటల తరబడి నిలవ ఉంటుంది. మంట ఎక్కువై రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తే బలవంతంగా ఆపుకోవద్దు. వచ్చినప్పుడే పట్టండి, ఎంతసేపు ఆగిందో రాసుకోండి. 4 గంటల కన్నా తక్కువైతే నైట్రైట్ నెగటివ్‌కి విలువ లేదని గుర్తుపెట్టుకుంటే చాలు.

విటమిన్ సి మాత్రలు, నీళ్లలో కలిపి తాగే విటమిన్ సి టాబ్లెట్లు ముందు రోజు ఆపేయండి. మూత్రంలో విటమిన్ సి ఎక్కువైతే నైట్రైట్, రక్తం, గ్లూకోజ్ గడులు ఉన్నదాన్ని కూడా లేదని చూపిస్తాయి. ఇన్ఫెక్షన్ రాకుండా ఉంటుందని విటమిన్ సి వేసుకుంటూ, ఇక్కడ స్ట్రిప్ నెగటివ్ వచ్చిందని ఊరట పడడం తరచుగా జరిగే పొరపాటు. డాక్టర్ రాసిన మందైతే ఆపకండి, నోట్‌బుక్‌లో రాసుకోండి.

మంట తగ్గడానికి ఇచ్చే ఫెనాజోపిరిడిన్ మాత్ర మూత్రాన్ని నారింజ రంగుకి మారుస్తుంది. ఆ రంగులో ఏ గడినీ చదవలేం. అది వాడుతుంటే స్ట్రిప్ వృథా చేయకుండా నేరుగా కల్చర్‌కి ఇవ్వండి.

టెస్ట్‌కి ముందు 'శుభ్రపడుతుందని' రెండు లీటర్ల నీళ్లు తాగడం కూడా ఇలాంటిదే. మూత్రం పలచబడితే దొరకాల్సినవీ దొరకవు. నీళ్లు మానేయమని కాదు, శాంపిల్ పట్టాక తాగండి.

5. శాంపిల్ పట్టడం

ఎక్కువ ఫలితాలు తప్పేది ఇక్కడే. చర్మం మీది బాక్టీరియా, తెల్లబట్ట, నెలసరి రక్తం డబ్బాలో కలిస్తే ల్యూకోసైట్స్, రక్తం గడులు రెండూ రంగు మారతాయి. అది మూత్రాశయం సంగతి కాదు.

1. చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకోండి. డబ్బా మూత తీసి, లోపలి వైపు పైకి ఉండేలా పెట్టండి. డబ్బా లోపల, మూత లోపల వేలు తగలకూడదు.
2. ఆడవాళ్లు కాళ్లు ఎడంగా పెట్టి కూర్చుని, ఒక చేతి రెండు వేళ్లతో యోని పెదవుల్ని విడదీసి, మామూలు నీళ్లతో ముందు నుంచి వెనక్కి ఒక్కసారి కడిగి, శుభ్రమైన టిష్యూతో అద్దండి. పని పూర్తయ్యేదాకా వేళ్లు అలాగే ఉంచాలి. మగవాళ్లు ముందు చర్మం వెనక్కి లాగి నీళ్లతో కడుక్కోవాలి.
3. డెటాల్ లాంటి యాంటీసెప్టిక్ వద్దు. డబ్బాలోకి కొంచెం జారినా బాక్టీరియా చచ్చి కల్చర్ ఖాళీగా వస్తుంది.
4. మొదటి రెండు మూడు సెకన్ల మూత్రం బయటికే వదిలేయండి. మూత్రనాళం అంచున ఉన్న చర్మపు బాక్టీరియా దాంతో కొట్టుకుపోతుంది.
5. ధార ఆపకుండా డబ్బాని దానిలోకి తీసుకురండి. 30 మిల్లీలీటర్ల దాకా పట్టి, ధార ఇంకా వస్తుండగానే పక్కకి తీసేయండి. ఆఖరి చుక్కలు డబ్బాలోకి పోకూడదు.
6. వెంటనే మూత పెట్టి, సమయం డబ్బా మీద రాయండి.

ఇంట్లో ఉన్న గిన్నె, సీసా వాడకండి. బ్లీచింగ్‌తో కడిగిన పాత్రలో మిగిలిన ఆనవాళ్లే రక్తం, గ్లూకోజ్ గడుల్ని పాజిటివ్ చేస్తాయి.

నెలసరి రోజుల్లో రక్తం గడిని పట్టించుకోవద్దు. తప్పనిసరై కల్చర్ ఇవ్వాల్సి వస్తే శుభ్రమైన టాంపన్ పెట్టుకుని శాంపిల్ పట్టండి, ల్యాబ్‌కి ఆ విషయం చెప్పండి.

6. ముంచే ముందు రెండుగా చేయండి

ఈ చిన్న పని మర్చిపోయి మళ్లీ శాంపిల్ ఇచ్చేవాళ్లే ఎక్కువ. కొంచెం మూత్రాన్ని రెండో డబ్బాలోకి వంపి, స్ట్రిప్‌ని ఆ రెండో దాంట్లోనే ముంచండి. మొదటి డబ్బా కల్చర్ కోసం. అందులో స్ట్రిప్ ముంచకూడదు, వేలు పెట్టకూడదు. స్ట్రిప్ పాజిటివ్ వస్తే అదే ఇవ్వొచ్చు, అవసరం లేకపోతే పారబోయొచ్చు.

ల్యాబ్ మీకు లోపల బోరిక్ యాసిడ్ పొడి ఉన్న ట్యూబ్ ఇచ్చి ఉంటే దాంట్లో గీత దాకా నింపండి. తక్కువ నింపితే ఆ పొడి గాఢత పెరిగి బాక్టీరియాని అణిచేస్తుంది. ఆ ట్యూబ్‌లోని మూత్రంలో స్ట్రిప్ ముంచొద్దు, ల్యూకోసైట్స్ గడి తప్పు చూపిస్తుంది.

7. ముంచడం, చదవడం

శాంపిల్ పట్టిన గంటలోపు చేయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిందైతే గది ఉష్ణోగ్రతకి వచ్చేదాకా ఆగండి, చల్లటి మూత్రంలో రసాయన చర్య మందగిస్తుంది.

- డబ్బా మూత పెట్టి మెల్లగా ఒకసారి తిప్పండి. కణాలు అడుగున దిగి ఉంటాయి.
- స్ట్రిప్‌ని గడులు లేని కొస దగ్గర పట్టుకుని, సీసా మూత వెంటనే బిగించండి.
- గడులన్నీ మునిగేలా ముంచి ఒక సెకనులో తీసేయండి. ఎక్కువసేపు ఉంచితే గడిలోని రసాయనం మూత్రంలోకి కరిగిపోతుంది.
- తీసేటప్పుడు స్ట్రిప్ అంచుని డబ్బా అంచుకి రాయండి. తర్వాత అంచుని టిష్యూకి ఆనించండి, గడుల మీద అద్దకండి.
- అడ్డంగా, చదునుగా పట్టుకోండి. నిలువుగా పట్టుకుంటే ఒక గడి నీరు పక్క గడిలోకి జారుతుంది. ప్రోటీన్ గడిలోని ఆమ్లం పక్కనున్న పీహెచ్ గడిలోకి పాకి లెక్క తప్పించడం ఇలాగే జరుగుతుంది.
- ముంచిన క్షణం నుంచే స్టాప్‌వాచ్ నడవాలి.

చాలా స్ట్రిప్‌లకి సమయాలు ఇలా ఉంటాయి: స్పెసిఫిక్ గ్రావిటీ 45 సెకన్లు. నైట్రైట్, రక్తం, ప్రోటీన్, పీహెచ్ 60 సెకన్లు. ల్యూకోసైట్స్ 120 సెకన్లు. మీ చార్టు మీద వేరేగా ఉంటే దాన్నే పాటించండి. 2 నిమిషాలు దాటాక వచ్చే రంగుకి అర్థం లేదు. పది నిమిషాల తర్వాత మళ్లీ వచ్చి చూసి 'ఇప్పుడు పాజిటివ్ అయింది' అనుకోవడం చాలా మామూలు తప్పు.

నైట్రైట్ గడిని ఎలా చూడాలంటే: గడి అంతటా సమంగా, ఎంత లేతగానైనా గులాబీ రంగు పరుచుకుంటే పాజిటివ్. అంచున మాత్రమే గీతలా వచ్చినా, అక్కడక్కడ చుక్కల్లా ఉన్నా లెక్కలోకి రాదు. తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే లేత రంగు తేలిగ్గా దొరుకుతుంది. రక్తం గడిలో దీనికి తిరగేసినట్టుంటుంది: ఆకుపచ్చ చుక్కలు కనిపించినా అది పాజిటివే, పగలని ఎర్ర రక్తకణాల ఆనవాళ్లవి.

పసుపు బల్బు కింద చదవొద్దు. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చూడండి. 60 సెకన్లకి ఒకటి, 120 సెకన్లకి ఒకటి ఫోటో తీయండి, చార్టు కూడా అందులో పడాలి. రంగులు గుర్తుపట్టడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు ఇంకొకరితో చదివించాలి.

8. వచ్చిన ఫలితంతో ఏం చేయాలి

లక్షణాలున్నాయి, నైట్రైట్ పాజిటివ్: ఇన్ఫెక్షన్ ఉండే అవకాశం బాగా ఎక్కువ. ల్యూకోసైట్స్ ఎలా ఉన్నా కల్చర్ ఇచ్చి డాక్టర్‌తో మాట్లాడండి.

లక్షణాలున్నాయి, ల్యూకోసైట్స్ మాత్రమే పాజిటివ్: మూడు కారణాలుండొచ్చు. నైట్రైట్ తయారుచేయని బాక్టీరియా కావచ్చు, లేదా మూత్రం ఎక్కువసేపు ఆగి ఉండకపోవచ్చు. లేదంటే తెల్లబట్ట కలిసింది. జాగ్రత్తగా కడుక్కుని ఇంకో శాంపిల్ పట్టి చూడండి. మళ్లీ అదే వస్తే కల్చర్.

లక్షణాలున్నాయి, రెండూ నెగటివ్: ఇన్ఫెక్షన్ లేదని తేలినట్టు కాదు. స్పెసిఫిక్ గ్రావిటీ గడి చూడండి. 1.005 లేదా అంతకన్నా తక్కువుంటే మూత్రం మరీ పలచగా ఉంది, మర్నాడు పొద్దుటి మూత్రంతో మళ్లీ చేయండి. మూత్రం మరీ చిక్కగా ఉన్నా, గ్లూకోజ్ ఎక్కువున్నా, సెఫాలెక్సిన్, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌లు వాడుతున్నా ల్యూకోసైట్స్ తక్కువ చూపించొచ్చు. బాధ నిజంగా ఉంటే స్ట్రిప్ ఏం చెప్పినా కల్చర్ అడగండి.

ల్యూకోసైట్స్ ప్రతిసారీ పాజిటివ్, కల్చర్‌లో ప్రతిసారీ ఏమీ పెరగలేదు: మరో యాంటీబయాటిక్ కోర్సుకి తొందరపడకండి. రాళ్లు, క్లమీడియా లాంటి లైంగిక వ్యాధులు, మూత్రవ్యవస్థలో టీబీ, మూత్రాశయపు దీర్ఘకాలిక నొప్పి వ్యాధి ఇలాగే కనిపిస్తాయి. వీటికి వేరే పరీక్షలున్నాయి. టీబీని మామూలు కల్చర్ పట్టుకోదు.

పీహెచ్ పదేపదే 8 దగ్గర ఉంటే డాక్టర్‌కి చెప్పండి. ప్రోటియస్ లాంటి బాక్టీరియా మూత్రాన్ని క్షారంగా మార్చి రాళ్లకి దారితీస్తుంది. ఇన్ఫెక్షన్ తగ్గి కొన్ని వారాలైనా రక్తం గడి రంగు మారుతూనే ఉంటే దాన్ని ఇన్ఫెక్షన్ ఖాతాలో వేయకండి. మైక్రోస్కోప్ పరీక్ష, అవసరమైతే స్కానింగ్ కావాలి.

9. కల్చర్‌కి ఇచ్చేటప్పుడు

యాంటీబయాటిక్ మొదటి మోతాదు వేసుకోకముందే శాంపిల్ పట్టాలి. ఇంట్లో మిగిలిన పాత మాత్ర 'ఒక్కటి' వేసుకుని వెళ్లినా కల్చర్ ఖాళీగా రావచ్చు, అసలు బాక్టీరియా ఏదో ఎప్పటికీ తెలియకుండా పోతుంది.

- రెండు గంటల్లో ల్యాబ్‌కి చేర్చండి. లేదంటే 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో ఇవ్వండి.
- 'కల్చర్ అండ్ సెన్సిటివిటీ' అని అడగండి. మామూలు యూరిన్ టెస్ట్‌లో మందుల వివరం రాదు.
- చీటీ మీద రాయించండి: లక్షణాలు, ఎన్ని రోజులుగా, ఆఖరిగా వాడిన యాంటీబయాటిక్ పేరు, అది ఆపిన తేదీ.

రిపోర్టుకి మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది. మిల్లీలీటరుకి లక్ష కాలనీలు (పెరిగిన బాక్టీరియా గుంపులు) ఉంటేనే ఇన్ఫెక్షన్ అన్నది పాత గీత. లక్షణాలున్న ఆడవాళ్లలో వెయ్యి కాలనీలకే అర్థం ఉండొచ్చు, కాబట్టి 'తక్కువ కౌంట్' అన్న మాట చూసి రిపోర్టు పక్కన పడేయకండి. 'మిక్స్‌డ్ గ్రోత్' (రకరకాల బాక్టీరియా కలిసి పెరగడం) అని వస్తే చాలావరకు శాంపిల్ కలుషితమైందనే అర్థం. అయిదో అంశానికి తిరిగి వెళ్లి మళ్లీ పట్టండి.

ఇంట్లోనే బాక్టీరియా పెంచే కల్చర్ స్లైడ్లు దొరుకుతాయి. 37 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు నిలకడగా ఉంచే ఇంక్యుబేటర్ లేకపోతే వాటిని నమ్మలేం, పైగా పెరిగిన బాక్టీరియాని ఇంట్లో పెట్టుకుని కూర్చోవాలి. ఆ పని ల్యాబ్‌కి వదిలేయడమే మేలు. డీఎన్‌ఏ చూసే పీసీఆర్ కిట్లదీ వేరే చిక్కు. అవి చచ్చిన బాక్టీరియానీ, హాని చేయకుండా ఉండేవాటినీ కలిపి జాబితా ఇస్తాయి. ఆ జాబితాలో ఉన్న ప్రతి పేరుకీ మందు వాడక్కర్లేదు.

10. మందు వాడుతుండగా, ఆ తర్వాత

మందు మొదలుపెట్టి 48 గంటలైనా మంట తగ్గుముఖం పట్టకపోతే డాక్టర్‌కి చెప్పండి. కల్చర్ రిపోర్టులో ఆ మందు పక్కన 'రెసిస్టెంట్' (బాక్టీరియా ఆ మందుకి లొంగదు) అని ఉందేమో చూడాలి.

లక్షణాలు పోయాక 'పూర్తిగా క్లియర్ అయిందా' అని రోజూ స్ట్రిప్ ముంచొద్దు. బాక్టీరియా పోయినా చీము కణాలు కొన్నాళ్లు కనిపిస్తాయి, అనవసరంగా భయపడతారు. గర్భిణులకి మాత్రం డాక్టర్ మళ్లీ కల్చర్ చేయిస్తారు.

11. నోట్‌బుక్‌లో రాయాల్సినవి

ఆరు నెలల్లో 2 సార్లు, లేదా ఏడాదిలో 3 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే దాన్ని 'తిరగబెట్టే ఇన్ఫెక్షన్'గా లెక్కిస్తారు. ఆ లెక్క నోటితో చెబితే నిలవదు. ప్రతిసారీ ఒక వరుస రాయండి:

- తేదీ, మంట మొదలైన సమయం
- మూత్రం ఎన్ని గంటలు ఆగింది
- నైట్రైట్, ల్యూకోసైట్స్, రక్తం, స్పెసిఫిక్ గ్రావిటీ
- వాడుతున్న మందులు, విటమిన్ సి
- కల్చర్‌లో వచ్చిన బాక్టీరియా పేరు, ఏ మందులకి లొంగుతుంది
- ఏ యాంటీబయాటిక్, ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపారు

ఆఖరి రెండు గళ్లే డాక్టర్‌కి ఎక్కువ పనికొస్తాయి. మందు ఆపిన రెండు వారాల్లో అదే బాక్టీరియా మళ్లీ కనిపిస్తే అది లోపలే ఎక్కడో దాగి ఉందని అనుమానించాలి. రాయి ఉందా, మూత్రం పూర్తిగా ఖాళీ అవుతోందా, మగవాళ్లలో ప్రోస్టేట్‌లో నిలిచిందా అని చూస్తారు. అంతకన్నా ఆలస్యంగా, లేదా వేరే బాక్టీరియాతో వస్తే అది కొత్తగా వచ్చిన ఇన్ఫెక్షన్, దాన్ని రాకుండా ఆపే పద్ధతులు వేరు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నోట్‌బుక్, ఫోన్‌లోని స్ట్రిప్ ఫోటోలు, పాత కల్చర్ రిపోర్టులన్నీ తేదీల వరుసలో పట్టుకెళ్లండి.